అనుమానం లేని మనిషి

వకుళకు సినిమా పిచ్చి ఉందని ఎవరూ అనలేరు. కొత్త బొమ్మ పడిన రోజే హాలుకు పరిగెత్తే మనిషి కాదు. రెండో వారంలో, జనం పల్చబడ్డాక, పక్కింటి దమయంతితో కలిసి మ్యాట్నీకి వెళ్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆ సినిమా గురించి నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటుంది. ఆ నాలుగు ముక్కలూ మాత్రం తూచినట్టుంటాయి. డిగ్రీలో చదువుకున్న తర్కశాస్త్రం పెళ్ళయ్యాక ఇంకెక్కడా అక్కరకు రాలేదు గనక ఆవిడ దాన్ని సినిమాల మీద వాడుకుంటోంది.

ఈమధ్య వస్తున్న క్రైమ్ థ్రిల్లర్ల మీద ఆవిడ అభిప్రాయం ఇదీ. అన్నింట్లోనూ వాన కురుస్తుంది. దర్యాప్తు చేసే ఆఫీసరుకు నిద్ర ఉండదు, భార్య ఉండదు, గడ్డం మాత్రం ఉంటుంది. గోడ నిండా ఫొటోలు అంటించి వాటి మధ్య ఎర్ర దారం లాగుతాడు. ఆ దారం వల్ల ఇంతవరకు ఎవరూ దొరికింది లేదు. అసలు హంతకుణ్ణి పట్టుకోవడానికి అవేవీ చూడనక్కర్లేదు. మొదటి అరగంటలో ఒక మనిషి మూల కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటూ కనిపిస్తాడు, లేదంటే వీధి పిల్లలకు బిళ్ళలు పంచుతూ ఉంటాడు. కథలో అతనికి పనేమీ ఉండదు. అతని మీద ఎవరికీ అనుమానం ఉండదు. వాడే. పని లేని మనిషిని ఏ నిర్మాతా జీతమిచ్చి కూర్చోబెట్టడు కదా అంటుంది వకుళ. ఇంటర్వెల్‌కు ముందే ఈ సంగతి దమయంతి చెవిలో వేస్తుంది. ముందు వరసలో వాళ్ళకు కూడా వినపడుతుంది. వాళ్ళు వెనక్కి తిరిగి ఒక చూపు చూస్తారు.

కామెడీల మీద ఆవిడకు ఇంత పట్టింపు లేదు. నలుగురు స్నేహితులు, ఒక సంచి, ఆ సంచి కోసం ఇంకో నలుగురు. అందరూ పరిగెడతారు, గోడలు దూకుతారు, కాలవలో పడతారు. ఎవరికీ ఏమీ కాదు. చివర్లో అందరూ ఒకే ఇంట్లో చేరి కాసేపు అరుచుకుని సర్దుకుపోతారు. పోలీసులు కూడా వస్తారు గాని అప్పటికి వాళ్ళు చేయాల్సిందేమీ మిగిలి ఉండదు.

ఈ అభిప్రాయాలు ఆటోలో పుట్టి ఆటోలోనే పోయేవి. కొత్తరేవు పోలీసు సబ్‌డివిజనులో ప్రజాభాగస్వామ్య పక్షోత్సవాలు జరగడం వల్ల అలా పోలేదు.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు ప్రకారం ప్రతి సబ్‌డివిజనూ ప్రజల దగ్గర ఒక సూచన స్వీకరించి, దాన్ని అమలు చేసి, పక్షోత్సవాలు ముగిసేలోగా నివేదిక పంపాలి. డీఎస్పీ మార్కండేయులు గారు కాలనీ సంఘం హాల్లో సభ పెట్టి సూచనలు అడిగారు. ఒకాయన వీధి దీపాలు వేయించమన్నాడు. ఒకాయన రాత్రి గస్తీకి మనుషుల్ని పెంచమన్నాడు. ఇంకో పెద్దమనిషి స్టేషన్ జీపుకు కొత్త బ్యాటరీ వేయించమన్నాడు. కాలనీలో దొంగతనం జరిగిన ప్రతిసారీ దర్యాప్తుకు వచ్చిన జీపును కాలనీవాళ్ళే తోసి పంపించవలసి వస్తోందట. ప్రతి సూచనకూ డీఎస్పీ గారు తలూపి, పక్కన నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్ ఏసుపాదం వైపు చూశారు. ప్రతిసారీ ఏసుపాదం, "దానికి గ్రాంటు లేదండి" అన్నాడు.

చివరికి ఆడవాళ్ళ తరఫున కూడా ఎవరైనా మాట్లాడాలని డీఎస్పీ గారు కోరారు. దమయంతి మోచేత్తో పొడిచి వకుళను లేపింది. ఏం చెప్పాలో తోచక వకుళ తన సినిమా సంగతి చెప్పింది. థ్రిల్లర్లలో ఎవరు దొరుకుతారో, కామెడీల్లో ఎవరికీ ఎందుకేమీ కాదో వరసగా చెప్పి, నవ్వుతారేమోనని చూసింది. ఎవరూ నవ్వలేదు. ఏసుపాదం డీఎస్పీ గారి చెవి దగ్గరికి వంగి, "దీనికి గ్రాంటు అక్కర్లేదండి" అన్నాడు.

ఆ వారంలోనే సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా సబ్‌డివిజను సిబ్బంది యావన్మందికి తెలియజేయడమేమనగా, ఇకమీదట ఏ నేరమునందైనను ఏ వ్యక్తి మీద ఎవరికిని అనుమానము కలుగదో, అట్టి వ్యక్తినే ప్రథమ నిందితునిగా పరిగణించవలెను. అనుమానము కలిగించు వ్యక్తులను కూర్చోబెట్టి కాలహరణము చేసినచో శాఖాపరమైన చర్యలు తీసుకొనబడును. ప్రజాభిప్రాయమే ఇందుకు ప్రాతిపదిక."

దురదృష్టవశాత్తు మొదటి కేసులోనే అది పనిచేసింది. రామమందిరం మైకు సెట్టు పోయింది. ఊళ్ళో అందరూ పాత సామాన్లు కొనేవాళ్ళ మీద అనుమానపడ్డారు. పోలీసులు వాళ్ళ జోలికే పోకుండా, రోజూ భజనకు ముందు కూర్చునే కమిటీ అధ్యక్షుల వారింటికి వెళ్ళారు. మైకు సెట్టు ఆయన మంచం కిందే ఉంది. మనవడి పుట్టినరోజుకని తెచ్చి ఇవ్వడం మరిచిపోయారట. మర్నాటి పేపర్లో డీఎస్పీ గారి ఫొటో పడింది. వెనక గోడ మీద ఎర్ర దారం కూడా కనపడింది.

దాంతో స్టేషన్లో రెండు బల్లలు వేశారు. ఎడమ బల్ల థ్రిల్లర్లకు, కుడి బల్ల కామెడీలకు. ఫిర్యాదులో పరుగు గాని, పడిపోవడం గాని, సంచి గాని ఉంటే అది కామెడీ. కామెడీలో ఎవరికీ ఏమీ కాదు గనక ఆ కేసు అప్పటికప్పుడు మూసేయవచ్చు. స్కూటరు పోగొట్టుకున్న ఒక కిరాణా వ్యాపారి, దొంగ వెనక పరిగెత్తి కాలవలో పడ్డానని చెప్పగానే కుడి బల్లకు పంపారు. కాలు విరిగిందని కట్టు చూపిస్తే, అది అందులో భాగమేనని నచ్చజెప్పారు. నెల తిరిగేసరికి సబ్‌డివిజనులో నేరాలు సగానికి పడిపోయాయి. అభినందన పత్రం వచ్చింది.

ఊరు కూడా మారింది. మంచివాళ్ళకు నిద్ర పట్టడం మానేసింది. ఉచితంగా హోమియో మందులిచ్చే రిటైర్డు తహసీల్దారు గారు మందులు ఆపేసి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని బస్టాండులో తిరగడం మొదలుపెట్టారు. బ్యాంకు మేనేజరు కారణం లేకుండా గుమస్తాతో నడిరోడ్డు మీద తగువు వేసుకున్నాడు. ఒకరి మీద ఒకరు అనుమానం ఉన్నట్టు చెప్పుకుంటే స్టేషన్లో ముద్ర వేసి ధ్రువపత్రం ఇస్తున్నారని తెలిసి జనం బారులు తీరారు. పాత దొంగలు మాత్రం గుండెల మీద చెయ్యి వేసుకుని పడుకుంటున్నారు. పోలీసులు వాళ్ళకు ఎదురుపడితే పలకరించి పోతున్నారు.

ఒక రోజు దమయంతి బెరుగ్గా వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"వదినా, మా ఆయన మీద నీకు కాస్త అనుమానంగా ఉందని స్టేషన్లో ఓ మాట చెప్పి రావూ. మీ అన్నయ్య సంగతి నీకు తెలుసుగా. ఎదురొచ్చిన కుక్కకి కూడా పక్కకి తప్పుకుంటారు. నాకు భయంగా ఉంది."

వకుళ వెళ్ళి చెప్పింది. బదులుగా తాను పానకాలరావు గారి మీద చెబుతానంది దమయంతి. పానకాలరావు వకుళ భర్త. మునిసిపల్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. మాట తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. బడి నుంచి రాగానే వరండా మూల కుర్చీలో కూర్చుని పేపరు తెరుస్తాడు, చీకటి పడ్డాక మూస్తాడు. భార్య ఎన్నిసార్లు పిలిచినా సినిమాకు రాలేదు గనక ఆవిడ పిలవడం మానేసింది. ధ్రువపత్రం మాట ఎత్తితే ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండానే, "నేనేం చేశానని నన్ను అనుమానించడం" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు.

సరిగ్గా అప్పుడే కాలనీ సంఘం వారి ఇత్తడి గుండిగ పోయింది. రెండొందల మందికి పప్పు వండే గుండిగ అది. పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ అద్దెకిచ్చేవాళ్ళు. ఆదివారం పొద్దున హాలు తలుపు తీస్తే అది ఉండాల్సిన చోట గుండ్రటి మరక మాత్రం ఉంది.

గంట తిరక్కుండా జీపు వచ్చి వకుళ ఇంటి ముందు ఆగిపోయింది. డీఎస్పీ గారు స్వయంగా దిగారు. పానకాలరావు పేపరు చదువుతున్నాడు. డీఎస్పీ గారు ఆయన వైపు, కుర్చీ వైపు, కుర్చీ ఉన్న మూల వైపు చూసి, వకుళకు నమస్కారం పెట్టారు.

"అమ్మా, మీరు చెప్పినట్టే అన్నీ కుదిరాయి. కాలనీ మొత్తం మీద ఎవరి అనుమానమూ లేని వ్యక్తి మాస్టారొక్కరే. ఏసుపాదం ఇంటింటికీ వెళ్ళి విచారించాడు. ఈయన మీద చెప్పడానికి ఎవరి దగ్గరా ఒక్క ముక్క లేదు."

"ఆయన అలాంటివారు కాదండి" అంది వకుళ.

"అందరూ అదే మాట అన్నారమ్మా. ఆ మాటలన్నీ రాసుకున్నాం. వ్యక్తిగతంగా మాస్టారంటే నాకు ఎనలేని గౌరవం. ఆ గౌరవమే మా దగ్గరున్న ప్రధాన సాక్ష్యం."

పానకాలరావు పేపరు మడిచి కుర్చీలో పెట్టి, పాలు పొంగుతున్నాయి చూసుకోమని భార్యకు చెప్పి జీపెక్కాడు. తర్వాత దిగి, మిగతావాళ్ళతో పాటు జీపును తోసి మళ్ళీ ఎక్కాడు.

వకుళ ఆ పూట ఏడవలేదు. సాయంత్రం స్కూలు హెడ్మాస్టరు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాడు. ప్రభుత్వోద్యోగి రెండు రోజులకు మించి కస్టడీలో ఉంటే ఉద్యోగంలోంచి సస్పెండు అయినట్టే. వేసవి సెలవులు రాగానే పానకాలరావు రిటైరవుతాడు. ఆ లోపల కేసు తేలకపోతే పింఛను ఆగిపోతుంది. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి గుండిగ దొంగగా బడి వదిలిపోతాడు. మంగళవారం పొద్దుటి లోగా ఆయన్ని బయటికి తేవాలి. ఇంత పనికీ మూలం ఆవిడ నోటి మాటే.

సోమవారం స్టేషనుకు వెళ్ళేసరికి ఎడమ బల్ల దగ్గర పోలయ్య అనే అతను ఏసుపాదాన్ని బతిమాలుతున్నాడు. ఊళ్ళో ఇత్తడి సామాను ఎక్కడ పోయినా వినపడే పేరు అతనిది. మెడ మీద కత్తిగాటు, ఒక కన్ను కాస్త మెల్ల.

"అయ్యా, ఆ గుండిగ నేనే ఎత్తుకుపోయా. దొర్లించుకుంటా పోయి రిక్షాలో ఏసుకున్నా. ఒక్కడూ కొనట్లా. గుమ్మంలో పెడితే ఇంట్లోకి దారి మూసుకుపోయింది. రెండ్రోజుల్నించీ నా పెళ్ళాం కిటికీలోంచి దిగతా ఉంది. మీరన్నా వచ్చి పట్టుకపోండయ్యా."

"నీ మొహం అద్దంలో చూసుకున్నావా పోలయ్యా? నువ్వు తీశావంటే ఎవరన్నా నమ్ముతారా? పో, పనుంది" అన్నాడు ఏసుపాదం. ఓపిగ్గానే అన్నాడు.

వకుళ డీఎస్పీ గారి గదిలోకి పోయి, దొంగ వచ్చి బయట నిలబడి ఉన్నాడని చెప్పింది. డీఎస్పీ గారు జాలిగా నవ్వారు.

"అతన్ని దారి తప్పించే పాత్ర అంటారు. మీకు తెలియనిది కాదు. చూడగానే దొంగలా ఉన్నాడు, పైగా తానే ఒప్పుకుంటున్నాడు."

"గుండిగ వాళ్ళింట్లో ఉందంటున్నాడు కదండీ. వెళ్ళి చూస్తే తేలిపోతుంది."

"తేలిపోతుందమ్మా. అదే ఇబ్బంది. ఇంటర్వెల్‌కు ముందే తేలిపోయిన కేసును పై అధికారులకు ఏ ముఖంతో పంపను?"

అయితే తన సూచన వెనక్కి తీసుకుంటానంది వకుళ. స్వీకరించిన ప్రజాభిప్రాయాన్ని తిరిగి ఇచ్చే పద్ధతి శాఖలో లేదన్నారు ఆయన. వకుళ ఒక్క క్షణం ఆలోచించింది. మాస్టారి మీద ఎవరికీ అనుమానం లేకపోవడమే గదా నేరం.

"అయితే రాసుకోండి. మా ఆయన మీద నాకు అనుమానం ఉంది."

డీఎస్పీ గారు పెన్ను తీశారు. కారణం చెప్పాలన్నారు. ముప్పై ఏళ్ళ కాపురంలో వకుళకు ఒక్క కారణమూ దొరకలేదు. గోడకున్న క్యాలెండరు వైపు చూసి నోటికొచ్చింది చెప్పింది. "ప్రతి శుక్రవారం సాయంత్రం టీచర్ల యూనియన్ మీటింగని వెళ్తారండి. అది మీటింగో ఏమిటో."

గది తలుపుకు ఎదురుగా కటకటాల వెనక బల్ల మీద కూర్చున్న పానకాలరావు చటుక్కున తలెత్తి చూశాడు. వకుళ అటు చూడలేకపోయింది.

డీఎస్పీ గారు రాసుకున్నంత రాసుకుని కొట్టేశారు. అరెస్టయ్యాక కలిగే అనుమానం చెల్లదట. అరెస్టయ్యాక ఎవరికైనా అనుమానం వస్తుంది. అదీగాక భర్త మీద భార్యకు ఉండేది సాధారణ అనుమానం కిందికి వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకుంటే ఊళ్ళో నిర్దోషులే మిగలరు.

ఇక మిగిలింది కుడి బల్ల. ఈ కేసును కామెడీలోకి మార్చమని అడిగింది వకుళ. మార్చవచ్చు, కాని కేసు చెబుతుంటే విన్న సిబ్బందిలో కనీసం ఇద్దరికి నవ్వు రావాలి. డీఎస్పీ గారు అందర్నీ పిలిచి వరసగా నిలబెట్టారు. వకుళ చెప్పడం మొదలుపెట్టింది. గ్యాసు సిలిండరు జరపడానికి పక్కింటాయన్ని పిలిచే మనిషి నలుగురు మోసే గుండిగను అర్ధరాత్రి ఒక్కడే ఎత్తాడనీ, దొంగ వచ్చి దొంగనంటే పోలీసులు పొమ్మన్నారనీ, పట్టుకుపోవడానికి వచ్చిన జీపును నిందితుడే తోశాడనీ జరిగింది జరిగినట్టు చెప్పింది. కానిస్టేబుళ్ళు గడ్డాలు పైకెత్తి, చేతులు నడుముకు ఆనించి, గోడ కేసి చూస్తూ నిలబడ్డారు. డీఎస్పీ గారి ఎదుట నవ్వడం క్రమశిక్షణ కాదు.

నవ్వు కటకటాల వెనక నుంచి వచ్చింది. పానకాలరావు ఊచలు పట్టుకుని నవ్వుతున్నాడు. ముందు కిచకిచమని, తర్వాత భుజాలు కదిలేలా, ఆఖరికి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆ నవ్వు వకుళ ఎప్పుడూ వినలేదు.

డీఎస్పీ గారి ముఖం గంభీరమైంది. "రాసుకో ఏసుపాదం. నిందితుడు కటకటాల వెనుక నుండి నవ్వెను. బిగ్గరగా నవ్వెను." తర్వాత వకుళ వైపు తిరిగి మెల్లగా అడిగారు. "అమ్మా, థ్రిల్లర్లో దొరికిపోయాక అలా నవ్వేది ఎవరు?"

జవాబు వకుళకు తెలుసు. ఆటోలో ఎన్నోసార్లు చెప్పింది.

ఆవిడ కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగింది. గ్లాసు చేతిలో పట్టుకుని అన్నీ మొదటి నుంచి ఒకసారి వేసి చూసుకుంది. పరీక్షలో ఆఖరి ప్రశ్నకు కూర్చున్నట్టు కూర్చుంది. చాలాసేపటికి తల ఎత్తింది.

"డీఎస్పీ గారూ, మీరు ఈమధ్య సినిమాలు చూస్తున్నట్టు లేదు. కుర్చీలో కూర్చునేవాడే హంతకుడనే పద్ధతి పాతబడిపోయిందండి. ఇప్పుడు అతను తెర మీదికి రాగానే నేల క్లాసు కూడా వీడేనంటోంది."

డీఎస్పీ గారు కాస్త ముందుకు వంగారు.

"మీ సర్క్యులరు వచ్చాక ఊళ్ళో మంచివాణ్ణి చూస్తే ఎవరికి అనుమానం లేదు చెప్పండి? ఏసుపాదం గారూ, నిన్న గుండిగ పోయిందనగానే ముందు మీకు ఎవరు తట్టారు?"

"మాస్టారేనండి" అన్నాడు ఏసుపాదం.

"అంటే అందరికన్నా ముందు అనుమానం వచ్చింది ఆయన మీదే. అనుమానం కలిగించేవాళ్ళని కూర్చోబెడితే శాఖాపరమైన చర్య ఉంటుందని మీ సర్క్యులర్లోనే ఉంది. ఆయన్ని నిన్నటి నుంచి కూర్చోబెట్టారు."

ఏసుపాదం లాకప్పు తాళం చెవి కోసం జేబు తడుముకున్నాడు. డీఎస్పీ గారు చెయ్యెత్తి ఆపారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"మరి ఎవరికీ అనుమానం రాని వ్యక్తి?"

"బయట పొద్దుటి నుంచీ నిలబడి నేనేనంటున్నా, ఒక్కరు కూడా అనుమానించని వ్యక్తి ఊళ్ళో ఎవరున్నారో మీరే చూడండి."

డీఎస్పీ గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వేపచెట్టు కింద కూర్చుని బీడీ కాల్చుకుంటున్న పోలయ్యను చూశారు. చాలాసేపు అలాగే చూశారు.

"అసలు ఊహించలేదమ్మా" అన్నారు. "ఆఖరి నిమిషం దాకా తెలియలేదు."

పోలయ్యను లోపలికి తీసుకొచ్చారు. చేతులకు బేడీలు వేస్తుంటే ముఖం విప్పారింది. మనుషుల్ని పెట్టి ఇవాళే గుండిగ తీయించాలని, ఇంట్లో ఆడమనిషి ఇబ్బంది పడుతోందని మరీ మరీ చెప్పాడు. డీఎస్పీ గారు అప్పటికప్పుడు రెండో సర్క్యులరు చెప్పి రాయించారు. ఇకమీదట హెచ్చు అనుమానము కలిగించువారినే నిందితులుగా పరిగణించవలెను. అయితే ఈ సంగతి ప్రజలకు తెలియనంతవరకే ఇది అమలులో ఉండును. తెలిసిన మరుక్షణము మొదటి సర్క్యులరు దానంతట అదే తిరిగి అమలులోనికి వచ్చును. ఏ రోజు ఏది అమలులో ఉన్నదీ స్టేషను బయట నల్లబల్ల మీద రాయించమని ఏసుపాదానికి పురమాయించారు.

పానకాలరావు చెప్పులు తొడుక్కుని బయటికొచ్చాడు. ఎవరి మీదా కోపం ఉన్నట్టు లేడు. ఇద్దరూ మార్కెట్టు వీధి దాటారు. లోపల చెప్పిన అబద్ధానికి క్షమాపణ అడగాలని వకుళ రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. బస్టాండు మలుపు దగ్గర ఆయనే ఆగాడు.

"మీటింగు సంగతి నీకెవరు చెప్పారు?"

"ఏం సంగతి?"

ఆయన చెప్పు మొనతో రోడ్డు మీది గులకరాయిని కాస్త ఇటూ అటూ జరిపాడు. "యూనియన్ మీటింగు మూడు నెలలకో సారి. మిగతా శుక్రవారాలు ఫస్ట్ షోకి వెళ్తుంటాను. కొత్త సినిమా శుక్రవారమే కదా వచ్చేది. కామెడీలైతే రెండోసారి కూడా చూస్తాను."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

స్టేషన్లో వినపడ్డ నవ్వు ఇన్నేళ్ళుగా ఎక్కడికి వెళ్ళి వస్తోందో వకుళకు ఇప్పుడు తెలిసింది.

"నాతో ఎందుకు రారు మరి? ఎన్నిసార్లు పిలిచాను."

పానకాలరావు తప్పు చేసినవాడిలా తల వంచుకున్నాడు. నిన్నటి నుంచి పోలీసులు ఆయన ముఖంలో వెతుకుతున్నది అప్పుడు కనపడింది.

"నువ్వు ఇంటర్వెల్‌కు ముందే చెప్పేస్తావుగా" అన్నాడు.